పాత ఇంజనులకు రంగు పూయుట

మన గ్రామములందలి పాకలలో పాత లిస్టరు ఇంజనులు నేటికిని కొన్ని మూలబడి యున్నవి. 1930 ప్రాంతమున ఇంగ్లండులోని డర్స్‌లీ పట్టణమున పుట్టిన యీ మోటు యంత్రములు నిమిషమునకు 600 లేక 650 చుట్లు మాత్రమే తిరుగును. అచ్చటి తయారీ 1987లో ఆగినది. వాని నకళ్లు మన రాజకోటలోను తయారైనవి. వీనిని బాగుచేయించి మరల నీరు తోడించవలెనను కోరిక మెచ్చదగినదే. కాని పలువురు మొదటనే రంగు పూయించుచున్నారు. ఇది మాకు సమ్మతము కాదు.

రంగు కడపటి పని. ఇంజనును త్రిప్పి, నూనె కారు చోటులను, పోతలోని పగుళ్లను కనిపెట్టిన పిమ్మటనే కుంచె పట్టవలెను. పగులుమీద లప్పము మెత్తి పచ్చరంగు పూసిన సిలిండరు నీరు పోయునంతవఱకు క్రొత్తదానివలెనే యుండును. కావున సంఘపు సొమ్ముతో కొనునపుడు రంగు పూయని యంత్రమునే చూపుమని సభ్యులు అడుగవలెను. అమ్మువాడు చిన్నబుచ్చుకొన్నను సరే.

భాగములను కిరసనాయిలుతో కడిగి, తీగె బ్రష్షుతో త్రుప్పు రాల్చి, జిడ్డు లేకుండ తుడిచి, ఆనాడే రెడాక్సైడు పూయవలెను. ఒక రాత్రి తేమ తగిలిన చాలును, త్రుప్పు మరల తలయెత్తును. కాస్టిక్ సోడా అల్యూమినియమును తినివేయును గనుక ఆ భాగములకు తగులనీయరాదు. పూర్వపు రంగులలో సీసము విరివిగా వాడెడివారు. ఇండ్ల రంగులలో దానిని పదిలక్షల పాళ్లకు 90 పాళ్లకు మించనీయని నిబంధనలు మనదేశమున 2016లో గాని రాలేదు. పాతరంగును పొడిగా గీకక తడిపి గీకుడు, పిల్లలను దరిజేరనీయకుడు.

అన్నిటికంటె ముఖ్యమైనది డీజిలు పంపు. దాని రాక్కుమీదను, గవర్నరు కీళ్లమీదను ఒక్క చుక్కయు పడరాదు. రంగు గట్టిపడి రాక్కు బిగుసుకొన్నచో, బరువు తగ్గినపుడు గవర్నరు డీజిలును తగ్గింపజాలదు. వేగము మితిమీరి ఆ బరువైన చక్రములు పగిలినచో దగ్గరనున్న మనిషి మిగులుట కష్టము. గాస్కెట్టు ముఖములను, నూనె రంధ్రములను గూడ కప్పి యుంచవలెను. సైలెన్సరునకు వేడి కోర్చు రంగే కావలెను. మామూలు ఎనామిలు త్వరలోనే మాడి రాలిపోవును. నెంబరు పలకను సైతము రంగులో ముంచువారి తెలివి ఏమనవలెనో మాకు తోచదు. విడిభాగములు తెప్పించునపుడు ఆ నెంబరే గదా ఆధారము!

మరమ్మతునకు సంఘమునుండి అప్పు కోరు సభ్యుడు, ఇంజనును కార్యవర్గమువారి యెదుట ఒక గంట త్రిప్పి చూపిన పిదపనే రంగు ఖర్చును బిల్లులో చేర్చుకొనునట్లు రాబోవు సమావేశమున తీర్మానించిన బాగుండునని మా యభిప్రాయము.