గది బిగించేముందు లోపల ఏమి మండుతోందో చూద్దాం

ఏసీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 18 శాతమైంది. అప్పటి నుంచి రాయగడ, గుణుపూర్ వైపు మన ఇళ్లలో ఏసీ మాట తరచుగా వినిపిస్తోంది. ఏసీ వచ్చాక చల్లదనం బయటికి పోతే బిల్లు పెరుగుతుంది కనుక వెంటిలేటర్లు మూయించడం, చెక్క కిటికీ తీయించి అల్యూమినియం స్లైడింగ్ కిటికీ పెట్టించడం, పైన ఫాల్స్ సీలింగ్ వేయించడం ఒకదాని వెనక ఒకటి జరిగిపోతాయి. కొండ మీద కొరాపుట్, సెమిలిగుడ, పొట్టంగి వైపు ఏసీ అక్కర లేదు గానీ, చలికి భయపడి అదే పని చేయిస్తున్నారు. ఇది తప్పని మేము అనడం లేదు. కరెంటు ఆదా అవుతుంది, ముసలివాళ్లకు చలి బాధ తగ్గుతుంది. అయితే గది బిగించాక లోపలి గాలి ఎటు పోతుందని అడిగేవారు లేరు.

ఈ ప్రాంతం 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో చేరకముందు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఆ కాలం నుంచి ఇక్కడున్న మన కుటుంబాల పెంకుటిళ్లు చాలామందికి గుర్తే. వానకు కారేవి, ఎలుకలు తిరిగేవి, వాటిని ఇప్పుడు పొగడాల్సిన పని లేదు. కానీ పెంకుల సందుల్లోంచి, చూరు కింద నుంచి పొగ దానంతటదే పోయేది. ఆ ఉపకారం మనకు తెలియకుండానే జరిగింది. ఇప్పుడు స్లాబు వేసి, సందులన్నీ పూడ్చి, కుంపటిని మాత్రం అలాగే ఉంచుకున్నాం.

కిందటి చలికాలంలో మాకు తెలిసిన ఒక ఇంట్లో కొత్త కిటికీలు పెట్టిన గదిలోనే బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నారు. తెల్లవారుజామున ఇంటి పెద్దావిడ బాత్‌రూముకని లేచి తూలి పడ్డారు. ఆ చప్పుడుకు లేచిన కొడుక్కి తలనొప్పి, వాంతులు. తలుపు తీయబట్టి బతికారు. "పొగే లేదు కదండీ" అన్నారు తర్వాత. చిక్కంతా అక్కడే ఉంది. బాగా రాజుకున్న బొగ్గులకు పొగ కనిపించదు, కార్బన్ మోనాక్సైడ్ మాత్రం వస్తూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవాడికి మెలకువ కూడా రానివ్వదు. బాత్‌రూము లోపల బిగించిన గ్యాస్ గీజరుదీ ఇదే కథ. చలికి కిటికీ మూసి స్నానం చేసేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి.

దోమల కాయిల్ సంగతి ఇంకా తేలిగ్గా తీసుకుంటాం. ఒక కాయిల్ పూర్తిగా కాలితే 75 నుంచి 137 సిగరెట్లంత సన్నని ధూళి గాలిలో కలుస్తుందని 2003లో వచ్చిన ఒక పరిశోధనలో తేలింది. దాన్ని పిల్లలు పడుకునే గదిలో వెలిగించి, ఏసీ వేసి, తలుపు మూస్తాం. మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలి తీసుకురాదు, గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. ఈ ముక్క మాకూ చాలా ఆలస్యంగానే తెలిసింది.

ఇతర దేశాలు ఈ అనుభవం ముందే చూశాయి. 1973లో చమురు ధరలు మండిపోయాక పాశ్చాత్య దేశాల్లో భవనాలన్నీ బిగించుకుంటూ వచ్చారు. అమెరికాలో గాలి ప్రమాణాలు నిర్ణయించే ఇంజినీర్ల సంఘం ఆష్రే, 1981లో ఆఫీసుల్లో మనిషికి నిమిషానికి 5 ఘనపుటడుగుల బయటి గాలి చాలంది. ఉద్యోగులు తలనొప్పి, కళ్ల మంట అంటూ మొరపెట్టుకున్నారు. 1989లో అదే సంఘం ఆ అంకెను 20 చేసింది.

మన దేశంలోనూ లెక్క ఉంది. కేంద్ర విద్యుత్ శాఖ 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత, కరెంటు ఆదా కోసం రాసినదే అయినా, తెరుచుకునే కిటికీలు గది వైశాల్యంలో ఇంత ఉండాలని చెప్పింది. ఉక్కపోత ప్రాంతాలకు 16.66 శాతం, చలి ప్రాంతాలకు 8.33 శాతం. అది పెద్ద స్థలాల్లో కట్టే ఇళ్లకు ఉద్దేశించినది, మన చిన్న ఇళ్లను ఎవరూ వచ్చి కొలవరు. గుమాస్తా బుద్ధి ఊరుకోక మేమే టేపు పట్టుకుని మా పడకగది కొలిచాం. గది 10 అడుగులు, 12 అడుగులు, అంటే 120 చదరపు అడుగులు. కిటికీ 4 అడుగులకు 4, అంటే 16. పాత రెండు రెక్కల కిటికీ మొత్తం తెరుచుకునేది. స్లైడింగ్ కిటికీలో ఒక అద్దం ఇంకోదాని వెనక్కి పోతుంది కనుక తెరుచుకునేది సగమే, 8 చదరపు అడుగులు. శాతం కడితే 6.67. సిమ్లా ఇంటికి పెట్టిన కనీసానికి కూడా మా గది చాలలేదు.

కాబట్టి ముందు మండేవాటిని గదిలోంచి బయటికి పంపాలి, ఆ తర్వాతే సందులు మూయాలి. కుంపటి వసారాలో కాచుకోవచ్చు, పడకగదిలోకి తేకూడదు. గీజరు గోడకు బయటి వైపు ఉండాలి, లేదా కరెంటుది పెట్టుకోవాలి. కాయిల్ బదులు దోమతెర. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను వంట మొదలైనప్పుడే వేయాలి, మాడు వాసన వచ్చాక కాదు. వేడి బాధ స్లాబు నుంచి వస్తున్నచోట కిటికీలు మూసి లాభం తక్కువ, మేడ మీద తెల్లని పూత వేయించడం చవక. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఇందుకే. రోడ్డు పక్క ఇళ్లవాళ్లు లారీల దుమ్ము మాటేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. వాళ్లు పెరటి వైపు తెరవాలి. చలికాలంలో తెల్లవారి పొగ నేలబారున నిలుస్తుంది గనుక, ఎండ ఎక్కాక తెరిస్తే మేలు.

మా సంఘం హాలులోనూ ఇదే తప్పు చేశాం. మూసేసిన వెంటిలేటర్లలో రెండు తెరిపించడానికి కార్యవర్గం ఒప్పుకుంది. మూడోది ఏసీ పెట్టె వెనక చిక్కుకుంది, దాని ఖర్చు ఎవరు పెట్టాలన్నది ఇంకా తేలలేదు.