స్నో ప్లౌను దాటొద్దు

సంపాదకులకు,

అమెరికా చలికాలపు డ్రైవింగ్‌పై గత సంచికలో వచ్చిన వ్యాసం ఉపయోగకరమే. కానీ మంచు తోసే బండి, అంటే స్నో ప్లౌ, నెమ్మదిగా పోతుంటే కుడివైపు నుంచి దాటేయవచ్చన్న సలహా ప్రాణం మీదికి తెస్తుంది. మినసోటాలో ఉంటున్నవాణ్ణి కనుక రాయక తప్పడం లేదు. ఇక్కడ చాలా ప్లౌలకు ముందున్న బ్లేడు కాక, కుడిపక్కకు రెక్కలా చాచిన మరో బ్లేడుంటుంది. ఎగజిమ్మే మంచుపొడిలో వెనకున్నవాళ్లకు అది కనబడనే కనబడదు. ప్లౌ అద్దాలు మనకు కనిపించకపోతే డ్రైవరుకు మనమూ కనిపించం. రాష్ట్ర రవాణా శాఖ కనీసం 10 కార్ల పొడవు ఎడం పాటించమంటోంది. మంచు తోస్తూ ఉప్పు చల్లే బండి సాధారణంగా గంటకు 30 మైళ్లు దాటదు. అయినా సరే, దాని వెనక ఉన్నదే ఆ పూటకు మంచి రోడ్డు.

వ్యాసం అసలు తడమనిది పిల్లల సంగతి. వీధి అంచున ప్లౌ పోసిన మంచుగుట్టల్లో పిల్లలు సొరంగాలు తవ్వి ఆడుకుంటారు. లోపల పిల్లాడున్నాడని మళ్లీ వచ్చే డ్రైవరుకు ఎలా తెలుస్తుంది? కొత్తగా వచ్చిన తల్లిదండ్రులారా, దయచేసి పిల్లల్ని పెరట్లోనే ఆడించండి. ప్లౌను కుడివైపు నుంచి దాటేయవచ్చన్న ఆ సలహాను సవరిస్తూ వచ్చే సంచికలో ఒక ప్రకటన వేయాలని మనవి.

– ఒక పాఠకుడు, మినియాపొలిస్