ఏ ఓడ మంచిది?

సెలవులొస్తే సుంగై సుమున్‌లో మన ఇళ్ళల్లో ఒకటే వాదన: సింగపూర్‌లో రాయల్ కరీబియన్ ఎక్కడమా, గెంటింగ్ డ్రీమా? చూసొచ్చేది అదే పెనాంగు, అదే పుకెట్. తేడా విందుల్లో, వినోదాల్లో. దానికింత రభస దేనికి?

1926లో కట్టిన రాజులా ఓడ డెక్కు మీద మద్రాసు నుంచి పెనాంగుకు మన పెద్దలెందరో వచ్చారు. మేస్త్రీ ఎక్కించిందే వారికి ఓడ. మనకు ఎంపిక ఉంది. ఆ పెద్దల బిడ్డలైన మన అమ్మానాన్నల కోసం దాన్ని వాడుతున్నామా?

వైద్యులుగా మేము అడిగేవి మూడు. పుకెట్‌లో చాలాసార్లు ఓడ సముద్రంలోనే లంగరు వేస్తుంది, చిన్న పడవల్లో దింపుతారు. చక్రాల కుర్చీ మాటేమిటి? ఓడలో డాక్టరున్నా, గుండెనొప్పి వస్తే ఒడ్డున ఆసుపత్రికి చేర్చే ఖర్చుకు బీమా ఉందా? భోజనశాల ముందు సబ్బూ నీళ్ళూ ఉన్నాయా? వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌ను చేతికి రాసుకునే స్పిరిట్ ద్రవం సరిగా చంపదు.

వీటికి జవాబు చెప్పని కంపెనీని, ఎంత చవకైనా, వదిలేద్దాం. లుమూట్ నుంచి పంగ్కోర్‌కు ఫెర్రీ ఉండనే ఉంది. అదీ దీవే. అమ్మను ఇంట్లో వదిలి ఓడెక్కే కన్నా ఆమెతో ఫెర్రీ ఎక్కడమే మేలంటాము.