కాచి చల్లార్చిన నీళ్ళు

చిన్నప్పుడు మా బళ్ళో ఆరోగ్య పాఠం అంటే ఒకటే మాట: నీళ్ళు కాచి చల్లార్చి తాగాలి. నల్లగొండ జిల్లాలో, బోరునీళ్ళు తాగే ఊళ్ళో కూర్చుని పరీక్షలో అదే రాశాను, మార్కులూ తెచ్చుకున్నాను. మరిగిస్తే క్రిములు చస్తాయి, నిజమే. ఫ్లోరైడ్ మాత్రం పోదు. నీళ్ళు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలినవాటిలో దాని పాలు ఇంకా పెరుగుతుంది. ఈ సంగతి నాకు ఇంజనీరింగ్ అయ్యాక, హైదరాబాద్‌లో ఆఫీసు కంప్యూటర్ ముందు, ఇంగ్లీషులో తెలిసింది.

మా గురించి ఎవరూ రాయలేదని కాదు నా గొడవ. బోలెడు రాశారు. నల్లగొండ ఫ్లోరోసిస్ మీద 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పేపర్ వచ్చింది. ఫ్లోరోసిస్ ప్రాంతాల్లో మోకాళ్ళు లోపలికి ఒరిగిపోవడం గురించి 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు లాన్సెట్‌లో రాశారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నాగపూర్ నీరి సంస్థ పెట్టిన పేరే 'నల్లగొండ టెక్నిక్'. ఆ పేరు టాంజానియా, ఇథియోపియా దాకా పోయింది. మా బడికి మాత్రం రాలేదు.

అట్లాంటి పేపర్ ఒకటి చదువుదామని లింకు నొక్కితే డాలర్లు కట్టమంది. కోడ్ రాసి బతికేవాణ్ణి కాబట్టి చెబుతున్నా: ఒక పీడీఎఫ్ ఇంకొకరికి పంపడానికి అయ్యే ఖర్చు దాదాపు సున్నా. ఈ గోడ కట్టింది టెక్నాలజీ కాదు.

'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చింది కదా' అంటారు మిత్రులు. 2025 నుంచి మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు, 30 ప్రచురణ సంస్థలు, సుమారు 13,000 జర్నళ్ళు. మంచిదే. కానీ అది ప్రభుత్వ విద్యాసంస్థలకూ పరిశోధన సంస్థలకూ. మర్రిగూడ ఆశా వర్కర్‌కి కాదు. రేపు ఆమెకి ఇచ్చినా అదంతా ఇంగ్లీషే.

ఇప్పుడు సెమినార్లలో 'రెజిలియన్స్' అనే మాట బాగా తిరుగుతోంది. మామూలు తెలుగులో, తట్టుకోవడం. నల్లగొండ తట్టుకుంటూ కూర్చోలేదు, అడిగింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఇక్కడ 480 మంది పోటీలో నిలిచారు. జలసాధన సమితి పిలుపుతో, నీళ్ళ గోస దేశానికి వినిపించాలని నిలబడ్డవాళ్ళే ఎక్కువ. బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది. మన ఓర్పును మెచ్చుకునేవాళ్ళకు మన అడగడం గుర్తుండదెందుకో!

'భగీరథ నల్లాలు వచ్చాక ఇంకా ఈ పాత గోలేంటి?' అనొచ్చు. కృష్ణా నీళ్ళు ఇంటికి రావడం పెద్ద మార్పే, కాదనను. కానీ నల్లా రాని రోజు బోరు ఉంటుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమనీ, కాల్షియం తక్కువైన తిండితో జబ్బు ముదురుతుందనీ ఆ రోజుకి తెలిసి ఉండాలి. వంగిన ఎముకను నల్లా నిటారు చెయ్యదు.

కాబట్టి నేను అడిగేది చిన్నది. జిల్లా పేరును శీర్షికలో పెట్టుకున్న ప్రతి పేపర్‌కీ ఆ జిల్లా భాషలో ఒక పేజీ ఉండాలి, ఉచితంగా. జర్నల్ అడగదు. నిధులిచ్చేవాళ్ళూ యూనివర్సిటీలూ అడగాలి. మనమూ తక్కువ తిన్లేదు. వంగిన నడుముల మీద కవిత్వం చదివి కళ్ళు తుడుచుకున్నాం గానీ, మరిగిస్తే ఫ్లోరైడ్ పోదనే ఒక్క వాక్యం మోసుకెళ్ళలేదు.

ఆ సంగతి తెలిసిన రోజే అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఊరుకుని అన్నది: 'మరి మీ బళ్ళె గట్లనే జెప్పిరి గద బిడ్డా?'