సిగ్గు స్త్రీలకేనా?

ప్రాచీన రోమకులు లజ్జను పుడికీటియా యను దేవతగాఁ గొలిచిరి. శిల్పములయందు ఆమె మేలిముసుఁగుతో, చేయి గడ్డముచెంతకెత్తి నిలుచును. అయితే క్రీ. పూ. 296లో వెర్జీనియా యను కులీనస్త్రీని, సామాన్యుని బెండ్లాడినదని, ఆ గుడినుండి వెడలఁగొట్టిరని లివీ వ్రాసెను. ఆమె తన యింటనే సామాన్యస్త్రీలకొక బలిపీఠము నెలకొల్పెను. కులముతో శీలమును గొలుచుట లజ్జాపూజ యగునా?

రోమునకేల పోవలెను? ముద్దుపళని వేశ్యయనియు, ఆమె కవిత స్త్రీలు వినరానిదనియు వీరేశలింగము పంతులుగారు నిందించిరి. ఆమె రాధికాసాంత్వనమును బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో బ్రకటింపఁగా, 1911లో పోలీసులు ప్రతులు పట్టుకొనిరి. నిషేధము 1947లోఁ గాని తొలఁగలేదు.

పంతులుగారియెడ మాకు భక్తి కలదు. కాని యీ తీర్పునెడ లేదు. పురుషుల శృంగారప్రబంధములు విద్వత్సభలఁ బూజలందుచుండ, స్త్రీ వ్రాసినదే బూతయ్యెనా? సిగ్గు స్త్రీలకేనా, పురుషులకు వలదా యని నాగరత్నమ్మ యడిగినది. ఆ ప్రశ్న నేఁటికిని మన గడపలోనే యున్నది. కూఁతునకుఁ దలవంచుట నేర్పుచున్నాము. కొడుకునకు నోటియదుపు నేర్పుచున్నామా? లజ్జ సద్గుణమేని యిరువురకు నేర్పుదము. కాదేని కూఁతునొక్కతెను దానితో బంధింపకుందము.