దింపే పరికరానికీ కావాలి కనిపెట్టు

అనంతపురం, కర్నూలు గుట్టలపై గాలిమరలు వెలిసిన నాటి నుంచి తాడుపై వేలాడి రెక్కలకు మరమ్మతు చేసే పని మన ప్రాంతానికీ వచ్చింది. నడుముకు మోకు కట్టుకుని బావిలో దిగే రైతుకు ఇది మరీ కొత్త కాదు. కొత్తదల్లా డిసెండర్ అనే చేతి పరికరం. తాడు దాని లోపల మెలిక తిరిగి రాపిడితో వేగాన్ని అణుస్తుంది. పిడి నొక్కితే దిగుతాం, వదిలితే ఆగుతాం.

అయితే తాడు తిరగేసి ఎక్కిస్తే అది పట్టదు. అందుకే నేల విడవకముందే బరువు వేసి చూడాలి. పరికరంపై రాసిన మందానికి సరిపడే నైలాను తాడే వాడాలి, నార మోకు పనికిరాదు. జర్రున దిగితే లోహం వేడెక్కి తాడు పైపొర కరుగుతుంది. తాడు చివర ముడి లేకపోతే మనిషి చివర దాటి జారిపోవచ్చు. వేరే తాడుకు వేరే పట్టు ఉండితీరాలి.

అసలు శత్రువు ఇసుక. తడి తాడుకు అంటిన ఇసుక ఆకురాయిలా లోహాన్ని అరగదీస్తుంది. పని ముగియగానే మంచినీళ్లతో కడిగి నీడన ఆరబెట్టాలి. తాడుకు బ్యాటరీ యాసిడ్ సోకనివ్వరాదు. తాడు నడిచే చోట గాడి పడి అంచు పదునెక్కినా, పరికరం ఎత్తు నుంచి రాతిపై పడినా దాన్ని పక్కన పెట్టాల్సిందే. పైకి బాగానే ఉందిగా అన్న మాట ఇక్కడ చెల్లదు.

ఖరీదైన వస్తువును ఎవరు పారేస్తారు? కూలి డబ్బుతో కొన్నవాడు పారేయడు. కనుక పరికరమూ, రెండో తాడూ, వాటి తనిఖీ ఖర్చూ కంట్రాక్టరే భరించాలి. పని ఒప్పుకునే ముందే కుర్రాళ్లు ఈ మాట అడగాలి.