చర్మాన్ని చూసి పెట్టిన పేరు

'బ్లాక్ ముస్లిమ్స్' అనే ఆంగ్ల సమాసం, దానిని మోసినవారు పెట్టుకొన్న పేరు కాదు. 1930లో డెట్రాయిట్ నగరంలో పుట్టిన ఆ సంస్థ పేరు 'నేషన్ ఆఫ్ ఇస్లాం'. సభ్యులు తమను ముస్లిములమనే చెప్పుకొన్నారు. 1961లో సి. ఎరిక్ లింకన్ ప్రచురించిన 'ది బ్లాక్ ముస్లిమ్స్ ఇన్ అమెరికా' అనే గ్రంథంతో ఆ మాట పత్రికలకు వరమైంది. అది మా పేరు కాదని మాల్కం ఎక్స్ ఎంత మొత్తుకొన్నా ఆలకించినవారు లేరు. లింకన్ స్వయంగా నల్లజాతి పండితుడే. అయితే మాట ఒకసారి వీధిన పడ్డాక కర్త ఉద్దేశాన్ని అడిగేదెవరు?

వ్యాకరణరీత్యా ఇది విశేషణ పూర్వపద కర్మధారయం. అందులో పూర్వపదం పని వేరుచేయడం. నల్లకలువ అన్నామంటే వేరే రంగు కలువలు ఉన్నాయని అర్థం. 'బ్లాక్ ముస్లిం' అనగానే అసలు ముస్లిం మరెక్కడో ఉన్నాడని, ఇతనిది అరువు తెచ్చుకొన్న మతమని ధ్వనిస్తుంది. నల్లవారిని గుమ్మం దగ్గరే నిలిపివేసిన చర్చిల సభ్యులకు మాత్రం ఆ పత్రికలు ఏ రంగూ పూయలేదు. వారు ఉత్త క్రైస్తవులు!

ఆ సంస్థ బోధలు ఇస్లాంకు విరుద్ధం కావా అని అడగవచ్చు. విరుద్ధమే. ఎలిజా ముహమ్మద్‌ను దైవసందేశహరుడనడం, శ్వేతజాతి మొత్తాన్ని సైతానులనడం ఇస్లాం అంగీకరించని మాటలు. కాని ఆ భేదం విశ్వాసానిది. పేరు పెట్టినవారు చూసింది చర్మాన్ని. అందుకే ఆ సంస్థతో ఏ సంబంధమూ లేని నల్లజాతి ముస్లిములకు సైతం అది అంటుకొంది. ఇస్లాం వారికి నిన్న మొన్న దొరికిన వింత వస్తువేమీ కాదు. 1807లో బానిసగా చార్లెస్టన్ రేవులో దిగిన ఉమర్ ఇబ్న్ సయీద్ 1831లో తన జీవితకథను అరబీలో రాశాడు.

1975లో ఎలిజా మరణించాక ఆయన కుమారుడు వారిస్ దీన్ ముహమ్మద్ అనుచరులను సున్నీ మార్గానికి మళ్లించాడు, శ్వేతజాతీయులకూ తలుపులు తెరిచాడు. 'ముహమ్మద్ స్పీక్స్' పత్రిక 'బిలాలియన్ న్యూస్' అయింది. హబషీ బానిసత్వం నుంచి వచ్చి తొలి అజాన్ పలికిన హజ్రత్ బిలాల్ (రజి) పేరది. అందులోనూ జాతి స్మృతి ఉంది. కాని అది వారు కోరి ఎంచుకొన్న వారసత్వం.

ఆంగ్ల వార్తలను తెలుగులోకి దించే మిత్రులకు ఒక్క విన్నపం. ఆ మనిషి నేషన్ ఆఫ్ ఇస్లాం సభ్యుడైతే సంస్థ పేరే రాయండి. కాకపోతే ముస్లిం అనండి, చాలు.